రోజూ సైకిల్ తొక్కే మనిషికి ప్రోస్టేట్ క్యాన్సర్: నా అనుభవం

"రోజూ సైకిల్ తొక్కే మనిషివి, నీకెలా వచ్చింది?" నా జబ్బు సంగతి విన్నవాళ్లంతా మొదట అడిగింది ఇదే. మా సావుకారు అడిగారు. ఇచ్ఛాపురంలో ఉండే మా తమ్ముడు అడిగాడు. రామలింగం చెరువు దగ్గర పొద్దున్నే కలిసే స్నేహితులూ అడిగారు. నా మీద ప్రేమతోనే అడిగారు, కాదనను. కానీ ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది. ఒళ్లు కదిలించే మనిషికి ఈ జబ్బు రాదని. ఆ ధైర్యంతోనే మా వయసు మగవాళ్లు చాలామంది పరీక్షల జోలికి పోవడం లేదు. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకిప్పుడు 64 ఏళ్లు. మాది బరంపురం. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తెలుగిళ్లు ఇప్పటికీ వీధులకు వీధులే ఉన్నాయి. పట్టు చీరల కొట్లో పద్దులు రాస్తూ నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. పరుపు మీద బాసింపట్టు వేసుకొని పొద్దున్న కూర్చుంటే భోజనానికి లేవడం, మళ్లీ రాత్రి దీపాలు పెట్టాక లేవడం. ఇంటికీ కొట్టుకీ మధ్య మాత్రం సైకిలు. తోవలో పలకరించిన వాళ్లకు బదులు చెబుతూ మెల్లగా తొక్కుకుంటూ వెళ్లేవాణ్ణి. ఆ "మెల్లగా" అన్న సంగతి గుర్తుంచుకోండి, తర్వాత దాని అవసరం వస్తుంది.

మొదట కనిపెట్టింది మా ఆవిడ. "ఏమండీ, రాత్రిళ్లు మరీ ఎక్కువసార్లు లేస్తున్నారు, షుగరేమో చూపించుకోండి" అంది. షుగర్ నాకు ముందునుంచీ కొద్దిగా ఉంది. దాని డాక్టర్ దగ్గరికే వెళితే, మూత్రం ధార ఎలా ఉంది, మొదలవడానికి ఆలస్యమవుతోందా, అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపిస్తోందా అని వరసగా అడిగి, యూరాలజిస్టు దగ్గరికి పంపించారు.

యూరాలజిస్టు గారు మలద్వారం గుండా వేలితో పరీక్ష చేశారు. దీనికి సిగ్గుపడి వెనక్కి వచ్చేసినవాళ్లు నాకు తెలుసు. గ్లవుజు వేసుకొని, జెల్లీ రాసి చేస్తారు. నిమిషం కూడా పట్టదు. నొప్పి లేదు, ఇబ్బందిగా ఉంటుంది, అంతే. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద, మలాశయానికి ముందు వైపు ఉంటుంది కాబట్టి గట్టిగా ఉన్న చోటు ఏదైనా ఉంటే వేలికి తెలుస్తుందట. నాకు అలాంటిదేమీ తగల్లేదు. స్కానింగులో మాత్రం గ్రంథి 46 గ్రాములుంది. పెద్దవాళ్లలో మామూలుగా 20, 25 గ్రాముల మధ్య ఉండాలి. వయసుతో వచ్చే వాపు ఇది, క్యాన్సర్ కాదు, రాత్రి లేవడానికి కారణం ఇదే అన్నారు. తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్ సాధారణంగా ఏ లక్షణమూ చూపించదని కూడా అప్పుడే చెప్పారు. మూత్రం బాగానే వస్తోంది కదా అని నిబ్బరంగా ఉండటానికి వీల్లేదన్నమాట. పీఎస్ఏ అనే రక్త పరీక్ష రాసిచ్చారు.

ఈ పీఎస్ఏ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అది ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్. క్యాన్సర్ ఉంటే పెరుగుతుంది, మామూలు వాపు ఉన్నా పెరుగుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది. అందుకని ముందు మూత్రం కల్చర్ చేయించి ఇన్ఫెక్షన్ లేదని చూసుకున్నారు. ఆ తర్వాత నాకు కొత్తగా అనిపించిన మాట ఒకటి చెప్పారు. రక్తం ఇచ్చే ముందు 48 గంటలు సైకిల్ తొక్కకూడదు, బరువైన వ్యాయామం చేయకూడదు, దాంపత్యానికీ దూరంగా ఉండాలి. వీటివల్ల కూడా అంకె కొద్దిగా పైకి పోవచ్చట. ల్యాబులో ఒడియా కుర్రాడు కూడా సూది తీసే ముందు "మఉసా, సైకిల్ మీద వచ్చారా?" అని అడిగి నిర్ధారించుకున్నాడు. ప్రోస్టేట్ వాపుకి ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ లాంటి మాత్రలు నెలల తరబడి వాడుతుంటే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మందులు వాడేవాళ్లు డాక్టరుకు తప్పక చెప్పాలి. లేకపోతే అంకె చూసి అంతా బాగుందనుకునే ప్రమాదం ఉంది.

నాకు 6.8 వచ్చింది. సాధారణంగా 4 దాటితే ఆలోచిస్తారు. కొన్ని వారాలు ఆగి, మళ్లీ అవే జాగ్రత్తలతో చేయిస్తే 7.1. అప్పుడు ఎంఆర్ఐ అన్నారు.

మా అమ్మాయి విశాఖపట్నంలో ఉంటుంది, ఫార్మసీ చదివింది. ఎంఆర్ఐ, ఆ తర్వాతి పనులు అక్కడే చేయించుకుందాం నాన్నా అంది. మా సరిహద్దు జిల్లాల వాళ్లకు ఒక చిక్కుంది. రైలెక్కితే ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు దాటి విశాఖ చేరడం సులువే. మాట కలుస్తుంది, బంధువులుంటారు. కానీ మన కార్డు ఒడిశాది. ఆంధ్రా ప్రభుత్వ ఆరోగ్య పథకం మనకు వర్తించదు. బయల్దేరే ముందే ఏ ఆసుపత్రిలో మన ఇన్సూరెన్స్ చెల్లుతుందో ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. మేము అలాగే చేశాం.

ఎంఆర్ఐ గొట్టంలో పడుకుంటే చప్పుడు చాలా ఉంటుంది, కదలకూడదు. దానికి మించి చెప్పుకోవాల్సింది లేదు. రిపోర్టులో పై-రాడ్స్ 4 అని రాశారు. ఇది 1 నుంచి 5 వరకు ఉండే కొలత. 4 అంటే చికిత్స అవసరమయ్యే క్యాన్సర్ ఉండే అవకాశం ఎక్కువ, ముక్క తీసి చూడాలని అర్థం.

బయాప్సీ అంటే నాకు టెన్షన్ పట్టుకుంది, దాచుకోను. ముందుగా యాంటీబయాటిక్ ఇచ్చారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నానా అని అడిగారు. పక్కకు తిరిగి పడుకోబెట్టి, స్కానింగ్ పరికరం లోపల పెట్టి, మత్తు సూది ఇచ్చి, సన్నని సూదితో 12 చోట్ల, ఎంఆర్ఐలో అనుమానం వచ్చిన చోట అదనంగా మరికొన్ని ముక్కలు తీశారు. ప్రతిసారీ టక్ మని చప్పుడవుతుంది. ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది. అదే రోజు ఇంటికి పంపించారు. కొన్నాళ్లు మూత్రంలో, విరేచనంలో రక్తపు చార కనబడుతుంది, వీర్యంలో అయితే వారాల తరబడి ఉండొచ్చు, భయపడొద్దు అన్నారు. చలి జ్వరం వస్తే, మూత్రం బిగిసిపోతే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. నాకు ఆ రెండూ రాలేదు.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులే అన్నిటికంటే కష్టం. మా ఆవిడ మా ఊరి ఠాకురాణి అమ్మవారికి మొక్కుకుంది. నేను అమ్మాయి ఇంట్లో కూర్చొని పేపర్లో ఒకే వార్తను మళ్లీ మళ్లీ చదివాను.

రెండు ముక్కల్లో క్యాన్సర్ ఉంది. క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు 3+3, అంటే 6. గ్రేడ్ గ్రూపు 1. ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఇదే అన్నిటికంటే తక్కువ దూకుడున్న తరగతి. డాక్టర్ గారు మూడు దారులు చెప్పారు. ఆపరేషన్ చేసి గ్రంథి తీసేయడం, రేడియేషన్ ఇవ్వడం, లేదా యాక్టివ్ సర్వైలెన్స్. ఈ మూడోదానిలో చికిత్స వెంటనే మొదలుపెట్టరు. ఆరు నెలలకోసారి పీఎస్ఏ, ఏడాదికోసారి వేలి పరీక్ష, ఏడాది ప్రాంతంలో మళ్లీ ఎంఆర్ఐ, బయాప్సీ. స్వభావం మారినట్టు కనబడిన వెంటనే చికిత్స.

హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఫోన్లోనే గొడవపడ్డాడు. "క్యాన్సర్ అని తెలిశాక ఎవరైనా ఒంట్లో ఉంచుకుంటారా నాన్నా? తీయించేసుకోండి." అతని భయం నాకు అర్థమైంది. కానీ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడం, అంగస్తంభన పోవడం ఉండొచ్చని, రేడియేషన్‌తో విరేచనాల ఇబ్బంది రావచ్చని డాక్టర్ గారు దాపరికం లేకుండా చెప్పారు. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అనే పరిశోధన గురించి కూడా చెప్పారు. 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 1,643 మంది మగవాళ్లను మూడు జట్లుగా విడదీశారు. ఆపరేషన్, రేడియేషన్, గమనిస్తూ ఉండడం. పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ జట్టులో చూసినా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు నూటికి ముగ్గురు, అటూ ఇటూగా. మా అబ్బాయి వెంటనే రెండో వైపు అడిగాడు, అడగాల్సిందే. గమనిస్తూ ఉన్న జట్టులో క్యాన్సర్ వేరే చోటికి పాకడం మిగతా రెండు జట్లకంటే దాదాపు రెట్టింపు. ఆ జట్టులో పదిమందికి ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకోవాల్సి వచ్చింది. అయితే ఆ జట్టులో నాకంటే ఎక్కువ ప్రమాదమున్న తరహా వాళ్లు కూడా ఉన్నారు. అన్నీ విని నేను మూడో దారే ఎంచుకున్నాను. కొట్లో చిన్న బాకీ ఉన్నవాడి మీద దావా వేయం, అలాగని ఆ పద్దు కొట్టేయం, నెలనెలా తిప్పి చూస్తాం. మా అబ్బాయికి అలా చెబితేనే మనసుకెక్కింది.

అప్పుడు అడిగాను డాక్టర్ గారిని. "సార్, సైకిల్ వల్ల వచ్చిందా? లేకపోతే సైకిల్ తొక్కినా ఎందుకొచ్చింది?" రెండిటికీ సమాధానం ఓపిగ్గా చెప్పారు. సైకిల్ సీటు వల్ల ప్రోస్టేట్ క్యాన్సర్ వస్తుందని రుజువు కాలేదు. ఇక వ్యాయామం విషయానికొస్తే, పేగు క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ లాంటి వాటిలో వ్యాయామం రక్షణ అన్న ఆధారం గట్టిగా ఉంది. ప్రోస్టేట్ విషయంలో అంత గట్టిగా లేదు. వయసు, వంశం, జన్యువులు ముఖ్యం. తండ్రికో అన్నదమ్ములకో ఉంటే ప్రమాదం సుమారు రెట్టింపు.

లెక్కలు రాసినవాణ్ణి కదా, అంకెలు చూస్తే గానీ నాకు తోచదు. అమ్మాయిని అడిగితే వ్యాసాలు తీసి, పక్కన కూర్చొని తెలుగులో చెప్పింది. అందులో 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అమెరికా, యూరప్‌లకు చెందిన 14 లక్షల 40 వేల మంది వివరాలు. తీరిక వేళల్లో బాగా వ్యాయామం చేసేవాళ్లలో 13 రకాల క్యాన్సర్లు తక్కువగా ఉన్నాయి. ప్రోస్టేట్ మాత్రం వాళ్లలో 5 శాతం ఎక్కువ! చదివి నేను నివ్వెరపోయాను. "ఆగండి నాన్నా, పూర్తిగా వినండి" అంది. వ్యాయామం చేసేవాళ్లు ఆరోగ్యం మీద శ్రద్ధతో పరీక్షలు ఎక్కువ చేయించుకుంటారు, అందుకని వాళ్లలో జబ్బు ఎక్కువగా బయటపడుతుంది, పరిశోధకులు చూపిన కారణం ఇదే. కనుక్కోవడం పెరిగితే లెక్క పెరుగుతుంది. నాకూ జరిగింది అదే కదా.

మరైతే వ్యాయామం దేనికి? ఇక్కడే నాకు కొత్త సంగతి తెలిసింది. 2005లో అమెరికాలో సుమారు 47 వేల మంది మగవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో, జబ్బు రావడంలో మొత్తం మీద తేడా లేదు. కానీ 65 దాటి, చెమట పట్టేలా వ్యాయామం చేసేవాళ్లలో ముదిరిపోయిన జబ్బు, ప్రాణం తీసే జబ్బు బాగా తక్కువ. 2011లో ఇంకొకటి. గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,455 మందిని చూశారు. గంటకు సుమారు ఐదు కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో వారానికి మూడు గంటలు, ఆపైన నడిచినవాళ్లలో జబ్బు ముందుకు పోవడం 57 శాతం తక్కువ. ఎవరితో పోలిస్తే? నింపాదిగా, అదీ వారానికి మూడు గంటలలోపు నడిచినవాళ్లతో. అమ్మాయి ఆ వాక్యం చదవగానే నేను ఆపమన్నాను. నా సైకిలు అదే, చెరువు గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ వేసే మా చుట్లు అవే. వేగంగా నడవగలిగిన మనిషి మొదటినుంచే ఆరోగ్యవంతుడై ఉండొచ్చు, కాబట్టి ఇది నడక ఒక్కదాని ఘనతే అని తీర్మానించలేమని కూడా అమ్మాయి చెప్పింది. న్యాయమైన మాట.

నన్ను కదిలించింది కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన. 2021లో వచ్చింది. నాలాగే యాక్టివ్ సర్వైలెన్స్‌లో ఉన్న 52 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 12 వారాలు, వారానికి మూడుసార్లు ట్రెడ్‌మిల్ మీద గట్టి వ్యాయామం. కాసేపు బాగా వేగం, కాసేపు నెమ్మది, మళ్లీ వేగం. రెండో జట్టు మామూలుగా ఉన్నారు. వ్యాయామం చేసినవాళ్ల గుండె, ఊపిరితిత్తుల సత్తువ పెరిగింది, పీఎస్ఏ, అది పెరిగే వేగం కూడా ఇంకో జట్టుకంటే తగ్గాయి. 52 మంది అంటే చిన్న లెక్కే. క్యాన్సర్ తగ్గిపోయిందని కాదు, ఆయుష్షు పెరిగిందని వాళ్లు చెప్పలేదు. అయినా నా పరిస్థితిలోనే ఉన్న మనుషులు చేతనైన పని ఒకటి చేశారు. చికిత్స లేకుండా ఎదురుచూసే మనిషికి అది ఎంత ఊరటో నేను చెప్పగలను.

డాక్టర్ గారి దగ్గరికి ఆ కాగితాలతో వెళ్లాను. ఆయన ముందు ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించారు. 60 దాటి షుగర్ ఉన్నవాడు ఒక్కసారిగా పరుగు మొదలెట్టకూడదన్నారు. ఇంకో మాట చెప్పారు. తక్కువ ప్రమాదమున్న ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు ఆ క్యాన్సర్‌తో కంటే గుండె జబ్బుతో పోయే అవకాశమే ఎక్కువ. కాబట్టి క్యాన్సర్ సంగతి ఎలా ఉన్నా గుండె కోసం నడవండి అన్నారు. మూత్రానికి ఇచ్చిన ట్యామ్సులోసిన్ మాత్రతో లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగొచ్చు, అది రాత్రి పడుకునే ముందు వేసుకొని, పొద్దున మెల్లగా లేచి, కాసేపు ఆగి బయటికి వెళ్లమన్నారు.

మొదలుపెట్టినప్పుడు నా వేగం ఎంతో నాకే తెలియదు. గడియారం చూస్తూ అడుగులు లెక్కపెట్టాను. నిమిషానికి వంద అడుగులు పడితే ఓ మోస్తరు వ్యాయామం కింద లెక్క. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే గుర్తు. ఆ వేగంతో చెరువు చుట్టూ తిరిగితే మొదట్లో పిక్కలు పట్టేసేవి. స్నేహితులు వెనకబడిపోయేవాళ్లు. "ఎక్కడికండీ ఆ పరుగు, రైలు పోతుందా?" అని పిలిచేవాళ్లు. వాళ్లతో కబుర్లు పోగొట్టుకోవడం నాకు బాధగానే ఉండేది. అందుకని గట్టి నడక ముందు పూర్తి చేసుకొని, తర్వాత వాళ్లతో కలిసి నెమ్మదిగా ఒక చుట్టు వేయడం అలవాటు చేసుకున్నాను. నడక కుదిరాక, డాక్టర్ గారి అనుమతితో వారంలో కొన్ని రోజులు రెండు నిమిషాలు శక్తి కొద్దీ వేగం, రెండు నిమిషాలు నెమ్మది అని మార్చి మార్చి నడుస్తున్నాను.

మా ఊళ్లో ఎండాకాలం ఉక్కపోత. సముద్రం దగ్గర, గాలి తడిగా ఉంటుంది, చెమట ఆరదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ముగించుకోవాలి. వానాకాలంలో తుఫాను హెచ్చరిక వచ్చిందంటే బయటికి కదలలేం. మావి పాతకాలపు ఇళ్లు, వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. వీధి తలుపు నుంచి పెరటి దాకా అటూ ఇటూ నడుస్తాను, మేడ మెట్లు ఎక్కి దిగుతాను. మా ఆవిడ ఆ వేళకు నడవాలోంచి బిందెలు తీసి పక్కన పెట్టేస్తుంది.

నడక ఒక్కటే చాలదని ఫిజియోథెరపిస్టు గారు చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలి. చేతులు ఆసరా పెట్టకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని నెట్టుకోవడం, రబ్బరు బ్యాండు లాగడం నేర్పారు. జీవితమంతా బాసింపట్టు వేసుకొని కూర్చున్న నడుముకు ఇవే ఎక్కువ కష్టమయ్యాయి, ఎక్కువ మేలూ చేశాయి.

మొన్నటి పీఎస్ఏ 6.3. సంతోషించాను. డాక్టర్ గారు మాత్రం ఈ అంకె మామూలుగానే కొంచెం అటూ ఇటూ ఊగుతుంది, దీన్ని వ్యాయామం ఖాతాలో వేయకండి అన్నారు. రాత్రి లేవడం తగ్గింది, అది మాత్ర గుణం. వ్యాయామం ఖాతాలో నిస్సందేహంగా వేయగలిగింది బరువు ఐదు కిలోలు తగ్గడం, మూడు నెలల షుగర్ సగటు దిగడం, మెట్లెక్కితే ఆయాసం లేకపోవడం. ఇంకొకటి కూడా వేస్తాను. పరీక్షకూ పరీక్షకూ మధ్య ఉండే ఆ నెలల్లో మనసు జబ్బు చుట్టూనే తిరగడం తగ్గింది.

మా తమ్ముడికి పీఎస్ఏ చేయించాను. అన్నకు ఉంది కాబట్టి వాడికి ప్రమాదం ఎక్కువ. మామూలుగానే వచ్చింది. "అన్నయ్యా, నేనూ నీలా నడిస్తే రాదు కదా?" అన్నాడు. రాదని నేను మాటివ్వలేను, నడుస్తూ డాక్టర్ చెప్పినప్పుడల్లా రక్తం ఇస్తూ ఉండు అన్నాను. ఇప్పుడు ఆదివారాలు ఇచ్ఛాపురం నుంచి వచ్చి నాతో నడుస్తున్నాడు.

నాకు రెండో బయాప్సీ ఈ వానలు తగ్గాక ఉంది. గ్రేడ్ గ్రూపు 1లోనే ఉంటే ఇదే పద్ధతి కొనసాగుతుంది. మారితే చికిత్స. ఆపరేషన్ అయితే ముందునుంచీ సత్తువ ఉన్న ఒళ్లు తొందరగా కోలుకుంటుందని, హార్మోన్ మందులు పడితే అవి కండనూ ఎముకనూ తినేస్తాయి కాబట్టి అప్పుడు రబ్బరు బ్యాండు ఇంకా ఎక్కువ అవసరమని డాక్టర్ గారు చెప్పి ఉంచారు. బయాప్సీకి ముందు పీఎస్ఏ కోసం రెండు రోజులు సైకిల్ ఆపాలి. రైలు టికెట్లు అమ్మాయి తీసేసింది.